అప్‌డేట్: వార్స్‌లో కనిపించని టోటల్ దొరికింది

మొన్న నేను అడిగింది ఇదీ: పైథాన్‌లో ఆర్డర్ ఆబ్జెక్ట్‌ని వార్స్ (vars, ఆబ్జెక్ట్‌లో దాచిన విలువల్ని చూపించేది) ఫంక్షన్‌కి ఇస్తే ఐటమ్స్, కస్టమర్ మాత్రమే వస్తున్నాయి. డాట్ పెట్టి టోటల్ అడిగితే మాత్రం మొత్తం సరిగ్గా చూపిస్తోంది. మరి ఆ టోటల్ ఎక్కడుంది? "ముందు క్లాసులో వెతకండి" అన్నవారికి చాలా థాంక్స్, అక్కడే దొరికింది.

వార్స్ చూపించేది ఆబ్జెక్ట్ సొంత డిక్షనరీని మాత్రమే. టోటల్ ఒక ప్రాపర్టీ. అది క్లాసులో ఉండి, అడిగినప్పుడల్లా లెక్కకట్టి ఇస్తుంది. పేర్ల జాబితా ఇచ్చే డిర్ (dir) ఫంక్షన్ అయితే క్లాసునీ, దాని పేరెంట్ క్లాసులనీ కూడా గాలిస్తుంది కాబట్టి అందులో పేరు కనబడింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ఆబ్జెక్ట్‌ల లోపల ఏముందో చూసే ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌మెంబర్స్ (getmembers) నడపగానే టెస్ట్ డేటాబేస్‌కి క్వెరీలు వెళ్లాయి! అది పేర్లతోపాటు విలువలు కూడా తెస్తుంది, అంటే ప్రతి ప్రాపర్టీ లోపలి కోడ్ నడుస్తుంది. ఊరికే చూడాలంటే అదే మాడ్యూల్‌లోని గెట్‌ఆట్టర్‌_స్టాటిక్ (getattr_static) వాడాలి. పైథాన్ 3.2 నుంచీ ఉంది. టోటల్ అడిగితే విలువ కాకుండా ప్రాపర్టీ ఆబ్జెక్ట్‌నే చేతికిస్తుంది, కోడ్ ముట్టుకోదు. నా దృష్టిలో దీన్ని అందరూ ముందే నేర్చుకోవాలి.

బెంగళూరు మారతహళ్లి ఆఫీసులో మా తెలుగు బ్యాచ్‌కి బోర్డు మీద గీసి చూపిస్తుంటే, "అక్కా, డీబగ్గర్ వాచ్‌లో పెట్టినా ఇంతేనా?" అని ఒక జూనియర్ అడిగింది. మంచి ప్రశ్న. అంతే, వాచ్‌లో (డీబగ్గర్‌లో మనం రాసినదాని విలువ చూపించే చోట) టోటల్ రాస్తే అక్కడా ఆ కోడ్ నడుస్తుంది.

ఇంకొకటి: స్లాట్స్ (__slots__, ఆబ్జెక్ట్‌లో ఏ పేర్లు ఉండాలో క్లాసులో ముందే రాసే జాబితా) మాత్రమే వాడిన క్లాసుల్లో ఆబ్జెక్ట్‌కి డిక్షనరీయే ఉండదు, వార్స్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది. అక్కడ స్లాట్స్‌లోని పేర్లు ఒక్కొక్కటీ తీసి చదువుకోవాలి.