ఏడు చేపల కథని చీమ చేత చెప్పించాలి. ఎక్కడ మొదలుపెట్టను?

మర్రిపాలెం నాన్న

అందరికీ నమస్కారం. నాది మూడు షిఫ్టుల ఉద్యోగం. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే మా పాపకి పడుకునేటప్పుడు కథ చెప్పేవాళ్ళుండరు. వాళ్ళమ్మ చెబితే ఒప్పుకోదు, "నాన్నలాగ చెప్పట్లేదు" అంటుంది. అందుకని డ్యూటీకి బయల్దేరే ముందు మా ఆవిడ ఫోన్లో కథ రికార్డు చేసి వెళ్తాను. పాప ఒకటో తరగతి.

పోయిన వారం ఏడు చేపల కథ చెప్పాను. మా అమ్మమ్మది బొబ్బిలి వైపు, ఆవిడ చెప్పినట్టే చెప్పాను. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మెయ్యలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, గుంటడు ఏడ్చాడు, చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనగానే అమ్మమ్మ మాకు చక్కిలిగింతలు పెట్టేది. రికార్డింగులో చక్కిలిగింత కుదరదు కాబట్టి ఆ పని వాళ్ళమ్మకి అప్పగించాను.

మర్నాడు పొద్దున్న నేను ఇల్లు చేరేసరికి నోట్లో బ్రష్షుతోనే అడిగింది. "నాన్నా, చీమని అడిగాక ఏం చేశారు?"

ఏమీ చెయ్యలేదమ్మా, కథ అయిపోయింది అన్నాను.

"అంటే తప్పంతా చీమదేనా?"

నిద్రమత్తులో "అంతే మరి" అనేశాను. అక్కడ దొరికిపోయాను. "అయితే ఇవాళ చీమ చెప్పినట్టు చెప్పు" అంది.

ఇప్పటికి రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి చీమని మంచిదాన్ని చేసి, గుంటణ్ణి అల్లరివెధవని చేశాను. కావాలనే పుట్టలు తవ్వుతాడు, రెక్కలు పీకుతాడు అన్నాను. పాపకి కోపం వచ్చింది. "వాడు చిన్నోడు కదా, వాడికేం తెలుసు?" అంది. నిజమే, ఒకరి మీది తప్పు తీసి ఇంకొకరి మీద వేశాను. రెండోసారి చీమ చేత మొదటి నుంచీ చెప్పించాను. "అనగనగా ఒక రాజు, ఆయనకి ఏడుగురు కొడుకులు..." అని చీమ గొంతుతో. ఒక్క వాక్యానికే ఆపేసిందట. "చీమకి రాజు సంగతి ఎలా తెలుసు?"

నా ఇబ్బంది ఇదే. చీమ వైపు నుంచి చూస్తే కథ ఒక్క ముక్క. వేలు వచ్చింది, కుట్టాను. చేప, గడ్డి, ఆవు ఏవీ దానికి తెలియవు. తెలియనివన్నీ తీసేస్తే కథ మిగలదు. ఉంచితే అది చీమ కాదు. ఏం చెయ్యాలంటారు?

డాబాగార్డెన్స్

అసలు చీమ విలన్ అని ఎవరన్నారండీ? కథలో అందరూ ఎదుటివాళ్ళ మీద నెట్టారు. ఒక్క చీమే "అవును, కుట్టాను, ఇదీ కారణం" అంది. చివరి మాట కూడా దానిదే. పెద్దవాళ్ళు బాగానే చెప్పి వెళ్ళారు, మనం తిరగేసి బాగుచెయ్యనక్కర్లేదు. ఈ మధ్య ప్రతి రాక్షసుడికీ ఒక చిన్ననాటి కష్టం పెట్టడం ఎక్కువైపోయింది.

మర్రిపాలెం నాన్న

మీరన్నది నిజమేనండీ. "అంతే మరి" అని నోరు జారింది నేనే. కానీ అడిగింది పెద్దవాళ్ళు కాదు, ఆరేళ్ళ పిల్ల. "పెద్దవాళ్ళు బాగానే చెప్పారు" అంటే ఊరుకునే రకం కాదు.

పెదజాలారిపేట ఆడపడుచు

అన్నయ్యా, మా అమ్మ ముప్పై ఏళ్ళు ఎండుచేపల గంప మోసింది. నేను ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను గానీ ఎండబెట్టడం మర్చిపోలేదు. అందుకని చేప వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

ముందుగా, చిన్నప్పుడు బడిలో ఈ కథ చెబితే మిగతా పిల్లలు నవ్వేవారు. వేటకెళ్ళి చేపలు తెచ్చారేటి, జింకని తేవాలి గానీ అని. నాకు ఆ నవ్వు అర్థమయ్యేది కాదు. మా పేటలో వేటంటే చేపల వేటే. "మీ నాన్న ఏడీ" అంటే "వేటకెళ్ళాడు" అంటాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఆపేస్తారు కదా, దాన్ని కూడా వేట నిషేధం అనే అంటారు. రాజు కొడుకులో కాదో గానీ ఆ ఏడుగురూ మా వాళ్ళే అనుకునేదాన్ని.

రెండోది అసలు సంగతి. ఎండని చేప ఏమవుతుందో కథలో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. నెత్తళ్ళలాంటి చిన్న చేపలు ఇసకలో పరిచి తిరగేస్తూ ఉంటే గట్టి ఎండకి తొందరగానే ఎండిపోతాయి. పెద్దవి అలా కాదు. పొట్ట చీల్చి శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, అప్పుడు రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి. మధ్యలో మబ్బు పట్టినా, ఏదన్నా నీడ పడినా అంతే. పైకి ఎండినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే పొట్ట దగ్గర మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనానికి ముందు ఈగలు వస్తాయి, తర్వాత ఎవరు వస్తారో తెలుసా? చీమలు. ఎర్రచీమలు, బారులు తీరి. గట్టిగా ఎండి ఉప్పు పట్టిన చేపని అంతగా ముట్టవు. మెత్తగా ఉన్నదాన్నే వెతుక్కుంటాయి.

మా అమ్మ రాత్రి చేపలు ఎత్తి పెట్టేటప్పుడు ఒక్కొక్కటీ నొక్కి చూసేది. మెత్తగా ఉన్నది కనబడితే పక్కకి తీసి "ఇది చీమలది" అనేది. నవ్వులాటకి కాదు, లెక్కకి. ఆ చేప డబ్బులు పోయినట్టే.

అంటే అన్నయ్యా, ఏడో చేప ఎండకపోతే లాభం ఎవరికి? మీ చీమకి చేప సంగతి తెలియదంటున్నారు. నాకైతే అందరికంటే దానికే బాగా తెలుసనిపిస్తోంది.

మర్రిపాలెం నాన్న

అప్పా, మీరు నా చీమని నిజంగానే విలన్ని చేసేశారు! కథ గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది. చీమ కుట్టింది కాబట్టి చేప ఎండలేదు, చేప ఎండలేదు కాబట్టి చీమకి భోజనం. కానీ చేప కోసమే ప్లాన్ వేసి గుంటణ్ణి కుట్టిందని చెబితే మరీ సినిమా అయిపోతుంది.

ఎంవీపీ తాత

బాబూ, నేను తెలుగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి. మీరందరూ చీమనే పట్టుకున్నారు, "బంగారు పుట్ట" అన్న మాటని వదిలేశారు. బంగారం ఎందుకో?

సుమతీ శతకంలో "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు" అని ఒక పద్యం ఉంది. మనం సగమే వాడుకుంటాం. మిగతా సగంలో ఏముందంటే, అలాగే పామరుడు కూడబెట్టిన బంగారం రాజుల పాలవుతుంది అని. చీమ, పుట్ట, బంగారం, రాజు నాలుగూ ఒకే కందంలో ఉన్నాయి. మీ కథ రాజుతో మొదలై బంగారు పుట్టతో ముగుస్తుంది. రెంటికీ చుట్టరికం ఉందని నేను అనను. కానీ పుట్టలో బంగారం ఉందని తెలిసిన చీమకి వేలు పెట్టినవాడు పసివాడా, ముసలివాడా అన్నది పెద్ద తేడా కాదు. ఇవాళ వేలు, రేపు పలుగు.

ఇంకొకటి, ఇది మీకు బాగా పనికొస్తుంది. వ్యాస భారతం సభాపర్వంలో ధర్మరాజు రాజసూయానికి వచ్చిన కానుకల జాబితా ఉంది. మేరు మందర పర్వతాల మధ్య శైలోదా నది దగ్గర ఉండే ఖశులూ మరికొందరూ బంగారాన్ని ద్రోణాలతో కొలిచి రాసులుగా తెచ్చారట. ఆ బంగారం పేరు పిపీలికం, చీమలు తవ్వి తీసినది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా మన దేశంలో బంగారం తవ్వే చీమలున్నాయని రాశాడు. ఆయన లెక్కలో ఆ చీమలు కుక్క కంటే చిన్నవి, నక్క కంటే పెద్దవి! అవి కుడితే గుంటడు కథలో మిగలడు.

సరే, భారతంలో ఆ కానుకల జాబితా చదివి వినిపించేది ఎవరనుకున్నారు? దుర్యోధనుడు. తండ్రి దగ్గర కూర్చుని, అసూయతో ఉడికిపోతూ, ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెబుతాడు. ఆ వైభవం మనకి అంత వివరంగా తెలిసిందంటే ఓర్వలేనివాడు చూశాడు కాబట్టి. మంచివాడు అంత జాగ్రత్తగా చూడడు బాబూ. ప్రతినాయకుడి చేత కథ చెప్పించాలంటే వాడికి మంచితనం అద్దక్కర్లేదు, వాడు దేన్ని కళ్ళప్పగించి చూస్తాడో పట్టుకుంటే చాలు.

పురుగుల టీచర్

జువాలజీ చెబుతాను, అందుకే ఈ పేరు. మాస్టారు "చూడటం" అన్నారు గానీ, మన ఇళ్ళల్లో తిరిగే చీమలకి చూపు అంతంతమాత్రమే. మనలాంటి చెవులు అసలే లేవు. వాటి లోకం వాసన, స్పర్శ, కాళ్ళకి తెలిసే అదురు. కాబట్టి "చీమా చీమా ఎందుకు కుట్టావు" అని ఎవరో వచ్చి అడిగితే మీ చీమకి అందేది ఒక అదురు మాత్రమే.

కథలో చీమ ఆడదే అనుకోండి. బయటికొచ్చి పనిచేసేవన్నీ ఆడ చీమలే. కుట్టే చీమల్లో కొండి కూడా గుడ్లు పెట్టే అవయవం మారి ఏర్పడినదే, అందుకే మగ చీమలు కుట్టలేవు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. చాలా రకాల చీమలు ఎండెక్కగానే గుడ్లనీ, పురుగు పిల్లల్నీ, ప్యూపాల్నీ (పురుగు పిల్ల చీమగా మారే ముందు కదలకుండా ఉండే దశ) లోపలి గదుల నుంచి పై గదుల్లోకి మోసుకొస్తాయి. వెచ్చదనానికి. మరీ వేడెక్కితే మళ్ళీ కిందికి దింపుతాయి. మీరు పుట్ట పైపొర కదిపితే తెల్లగా బియ్యపు గింజల్లా కనబడి, చీమలు వాటిని నోట కరుచుకుని పరుగెత్తడం చూసే ఉంటారు. "చీమ గుడ్లు" అంటాం గానీ వాటిలో చాలావరకు ప్యూపాలే.

కథలో ఆ రోజు ఎండ గట్టిగా ఉంది, చేపలు ఎండబెట్టారు కదా. అదే ఎండకి పుట్టలో పిల్లలు పై గదిలో ఉంటాయి. గుంటడి వేలు దిగింది ఆ గదిలోకే.

పెదజాలారిపేట ఆడపడుచు

అయ్యబాబోయ్. అది కూడా ఎండబెట్టుకుంటోందన్నమాట.

మర్రిపాలెం నాన్న

టీచరు గారి మాట చదివాక కాంటీన్లో కూర్చుని ఒక కాగితం మీద రాసేశాను. నిన్న రికార్డు చేశాను. కొంచెం ఇక్కడ పెడుతున్నాను:

"ఆవేళ ఎండ బాగా కాసింది. నాకెలా తెలిసిందంటే, మా పై గది నేల వెచ్చబడింది. పిల్లల్ని పైకి తెండర్రా అని కబురొచ్చింది. కబురంటే మాట కాదు, వాసన. నాకు చెవుల్లేవు. ఏడు తెల్లటి మూటలు మోశాను. ఒక్కొక్కటీ నా అంత ఉంది. ఆరు వెచ్చబడ్డాయి. ఒకటి వెచ్చబడలేదు. మూటా మూటా ఎందుకు వెచ్చబడలేదు? మూట మాట్లాడదు. అందుకని దాన్ని ఎండ దగ్గరికి ఇంకొంచెం జరిపాను. అప్పుడు కప్పు కూలింది. లావుగా, మెత్తగా, పాల వాసనేస్తూ ఏదో దిగింది. ఏడో మూట మీదికి దిగింది.

కుట్టాను.

నేల అదిరింది. అదిరి అదిరి ఆగింది. తర్వాత చాలామంది వచ్చారు, చాలా అదురులు. ఎవరో నా నెత్తిమీదే నిలబడి ఏదో అడిగారు. నాకు చెవుల్లేవని చెప్పాను కదా.

సాయంత్రం ఒక వాసనొచ్చింది. గడ్డిమోపు నీడ వైపు నుంచి. మెత్తటి వాసన. అది అక్కడ ఎందుకుందో, ఎవరు వదిలేశారో నాకు తెలీదు. వెళ్ళి అక్కలందర్నీ పిలుచుకొచ్చాను."

చేప కోసం కుట్టలేదు, కానీ చేప దొరికితే వదల్లేదు. రెండూ ఉంచేశాను. తాతగారి బంగారం ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాను, క్షమించండి.

పాప తీర్పు ఇవాళ పొద్దున్న వచ్చింది. ఏడో మూట బతికిందా అని మొదటి ప్రశ్న. బతికిందన్నాను. రెండోది, చెవుల్లేకపోతే "నా బంగారు పుట్టలో" అని ఎవరన్నారు? ఆ ముక్క లేదని రాత్రి వాళ్ళమ్మ చక్కిలిగింత పెట్టలేదట. అది పెద్ద నేరం. కాబట్టి మళ్ళీ రికార్డు చెయ్యాలి. చీమకి వినబడదు సరే, ఎవరూ అడక్కుండానే అరుస్తుంది అని పెడుతున్నాను. బంగారం కూడా అలా వచ్చేస్తుంది తాతగారూ.

మూడోది ప్రశ్న కాదు, ఆర్డరు. రేపు గడ్డిమోపు చెప్పినట్టు చెప్పాలట. గడ్డి గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?

పెదజాలారిపేట ఆడపడుచు

మా పేటలో ఇసక తప్ప గడ్డి లేదన్నయ్యా. వేరేవాళ్ళని అడుగు.