"మొసురా యా మొసురా": ఆ "యా" ఎవరిది?

గోదారి గట్టు:
పొద్దున్నించీ ఒక ముక్క నోట్లో ఆడుతోంది, పని చేసుకోనివ్వడం లేదు. "మొసురా యా మొసురా" అని ఎత్తుకుని, తర్వాత "దుంగన్ కసకుయన్" అనో ఏదో వస్తుంది. పాట ఏదని అడగట్లేదు, అది తెలుసు. 1961లో జపాన్ సినిమా కంపెనీ తోహో వాళ్ళు తీసిన మోత్రా సినిమాలో ద పీనట్స్ అనే గాయనీ కవలలు అడుగెత్తు మనుషులుగా కనిపిస్తూ తమ దేవతని, అంటే ఆ పెద్ద చిమ్మటని, పిలిచే పాట. నా గొడవంతా ఆ "యా" గురించి. మన "ఓ" లాంటిదా, "అయ్యా" లాంటిదా, లేక బాణీ నింపడానికి పడ్డ అక్షరమా? జపనీస్ వచ్చినవాళ్ళు ఎవరైనా తేల్చండి.

ఒసాకాలో ఒకర్తి:
పేరు చివర "యా" చేర్చి పిలవడం జపనీస్‌లో ఉంది గట్టుగారూ. "తరో యా" అంటే "ఒరే తరో, నాయనా" అన్నట్టు. కాకపోతే అది పాతకాలపు పెద్దవాళ్ళు పిల్లల్ని పిలిచే తీరు, పైనుంచి కిందికి. దేవతని మొక్కుకుంటూ ఎవరైనా అలా పిలుస్తారా అన్నది నాకూ పట్టుకున్న అనుమానం.

ఛందోబద్ధుడు:
ఎందుకు పిలవరండీ? రామదాసు రాముణ్ణే "ఎవడబ్బ సొమ్మని" అని నిలదీశాడు. దేవుడికి బహువచనం పెట్టి గారు తగిలించే అలవాటు మనకి మాత్రం ఎక్కడుంది. "రావయ్యా", "రారా", ఇవే కదా. భక్తి ముదిరితే చనువే.

పేరాక్ తెలుగోడు:
మీరంతా జపాన్‌లో వెతుకుతున్నారు, మాట ఇక్కడ మా ఇంటి వెనకాల ఉంది. ఆ పాట జపనీసే కాదు, ఇండోనేషియా భాష. మాది మలేషియాలో బాగన్ దాతో, ఇంట్లో తెలుగు, బయట మలయ్, అది ఇండోనేషియా భాషకి దగ్గరి చుట్టం. చిన్నప్పుడు టీవీలో ఆ పాట విని మా నాయనమ్మే సగం అర్థం చెప్పేసింది. "యా తుహాన్", "యా అల్లా" అంటారు చూడండి, అదే "యా". అది పేరుకి ముందు వస్తుంది, వెనక రాదు. కాబట్టి విరుపు "మొసురా, యా మొసురా". "మోత్రా, ఓ మోత్రా" అంతే.
ఇక "దుంగన్ కసకుయన్" అని మీరు విన్నది "దెంగాన్ కెసక్తియాన్". శక్తితో, మహిమతో అని. మధ్యలో కూర్చున్నది మన శక్తే, ముందు "కె" వెనక "అన్" తొడిగారు.

గోదారి గట్టు:
అమ్మో. మరి "త" ఏమైంది? ఎన్నిసార్లు విన్నా నాకు "కసకుయన్" అనే వినిపిస్తోంది.

ఛందోబద్ధుడు:
జపాన్ వాళ్ళు కానా లిపిలో రాసుకున్నదే "కసకుయన్" అని. రెండు హల్లులు కలిసి వస్తే వాళ్ళ నోరు ఒప్పుకోదు, మధ్యలో అచ్చు దూరుతుంది. మనం రత్నాన్ని రతనం చేసుకోలేదా? చిమ్మటకి ఇంగ్లీషులో ఉన్న మోత్ అన్న మాట అక్కడ "మొసు" అయింది, గొజిరాలోని, అంటే గాడ్జిల్లా జపాన్ పేరులోని, "రా" వచ్చి చేరింది, మొసురా అయింది. ఇక్కడ తమాషా ఏమిటంటే, శక్తిని మనం సత్తి చేసినప్పుడు, భక్తిని బత్తి చేసినప్పుడు పోయింది "క", మిగిలింది "త". వాళ్ళకి "క" మిగిలింది, "త" పోయింది. ఒకే సంయుక్తాక్షరాన్ని రెండు ఊళ్ళవాళ్ళు చెరో వైపు నుంచీ కొరికారు.

పేరాక్ తెలుగోడు:
బావుంది కానీ అది గాయనుల తప్పు కాదు సార్. పీనట్స్ ముందున్న కాగితం మీద ఏముంటే అది పాడారు. రాసినవారి పేరు యుకి కోజి అని ఉంటుంది, అది నిర్మాత తనకా, దర్శకుడు హోండా, రచయిత సెకిజవా ముగ్గురూ కలిసి పెట్టుకున్న కలం పేరు. బాణీ కొసెకి యూజీది. నీ తల్లి అనే అర్థంలో వచ్చే "ఇందుక్ము" దగ్గర కూడా "క" వినపడదు, "ఇందుము" అంటారు. అయితే అక్కడ వాళ్ళని తప్పుపట్టలేం, మలయ్‌లోనూ మాట చివరి "క" గొంతులో నొక్కుకుపోతుంది, పైకి రాదు.

ఒసాకాలో ఒకర్తి:
అర్థం మీరన్నదే కావచ్చు బాబాయ్‌గారూ, కానీ విరుపు సంగతి ఒప్పుకోను. పాట పెట్టుకుని వినండి. "మొసురాయా" అని కలిపేసి, ఆ "యా" మీద సాగదీసి, ఆ తర్వాతే రెండో "మొసురా" ఎత్తుకుంటారు. రాసిచ్చినవాళ్ళు ఇండోనేషియా యా రాశారేమో, పాడిన అక్కచెల్లెళ్ళు మాత్రం జపనీస్ యా పాడారు. ఐచిలో పుట్టి నగోయాలో పెరిగిన పిల్లలకి ఆ పిలుపు చిన్నప్పటి నుంచీ చెవుల్లో ఉండే ఉంటుంది.

ఛందోబద్ధుడు:
సాగదీసిన చోటల్లా విరుపు అంటే ఎలాగమ్మా. "బావా యెప్పుడు వచ్చితీవు" పద్యం మన స్టేజీ మీద ఎలా పాడతారు? ఆ "బావా" దగ్గర రాగం తీస్తూ తీస్తూ హార్మోనియం ఆయన చెయ్యి నొప్పెట్టేదాకా వదలరు. అక్కడ యతి ఉందని ఎవరూ అనలేదే. గొంతు ఆగే చోటు వేరు, మాట విరిగే చోటు వేరు.

గోదారి గట్టు:
నాకైతే ఇప్పుడు "మొసు-రాయా" అని వినిపిస్తోంది, దేవరాయా కృష్ణరాయా లాగా. చెడగొట్టారు కదా పాటని.

పాత రేడియో:
ఇదంతా చదివి నవ్వొచ్చింది. పీనట్స్ అంటే మీ అందరికీ ఒక్క పురుగు పాటే గుర్తుందా? వాళ్ళ అసలు పాట "కోయి నో వకాన్స్", 1963. మాట ఇవతాని తోకికో, బాణీ మియాగావా హిరోషి. మా అన్నయ్య మాస్కోలో మెడిసిన్ చదివే రోజుల్లో అక్కడ హాస్టల్లో అందరూ పాడుకునేవారట, అచ్చమైన రష్యన్ పాట అనుకుని ఇంటికొచ్చి మాకు నేర్పాడు. అది 1965లో నీనా పంతెలేయెవా పాడిన రష్యన్ రూపం, మాటలు దెర్బెన్యోవ్‌వి, నీలి సముద్రం ఒడ్డున అని మొదలవుతుంది. జపాన్ పాట అని తెలిశాక అన్నయ్య మొహం చూడాలి.
నా మాట ఏమిటంటే, వీళ్ళ పాటల్లో ఒక్క అక్షరం పట్టుకుని ఇది ఏ భాషది అని అడగడమే దండగ. 1959లో వచ్చిన మొదటి రికార్డు "కవాయి హనా" ఎవరిది? సిడ్నీ బెషే అనే అమెరికన్ జాజ్ ఆయనది. అదే యేడు "జోనెత్సు నో హనా", అది బీథోవెన్ ఫర్ ఎలీజ్. "వకాన్స్" ఫ్రెంచి. 1964 నాటి "ఉనా సెరా ది తోక్యో" ఇటాలియన్. 1967లో "కోయి నో ఫూగా", ఆ ఫూగా పాశ్చాత్య సంగీతపు మాట. ఎక్కడెక్కడి సరుకో తెచ్చి తోక్యోలో అతికారు. అందులో యా ఒక్కటే స్వచ్ఛంగా ఉండాలా?

ఒసాకాలో ఒకర్తి:
"ఫురిముకనైదె" వదిలేశారేం రేడియోగారూ, 1962. నాకు అన్నిటికంటే అదే ఇష్టం. "వెనక్కి తిరక్కు" అంటుంది అమ్మాయి. పేరు చూసి ఏదో విరహం అనుకుంటాం. తీరా వింటే, ఆగు, నీకిష్టమైన నల్ల మేజోళ్ళు సర్దుకుంటున్నాను, ఇటు చూడకు అని. అంతే సంగతి! ఇవతాని గారి చమత్కారం అది. ఇద్దరిదీ ఒకే గొంతులా ఉంటుంది కాబట్టి ఎవరు సర్దుకుంటున్నారో ఎవరు చెబుతున్నారో కూడా తెలీదు.

నిఘంటుమిత్ర:
ఆలస్యంగా వచ్చాను. "యా" అంటుంటే ఎవరికీ జపాన్ హైకూ కవి బషో గుర్తు రాలేదా? "ఫురుయికె యా", 1686. పాత కొలను, కప్ప దూకుడు, నీటి చప్పుడు. అక్కడున్న "యా" పిలుపు కాదు, కోత. హైకూలో దాన్ని కిరెజి అంటారు. ఒక దృశ్యం ముందు పెట్టి, ఆగి, రెండోది తెరవడం. మొసురా యా, ఆగాం, మళ్ళీ మొసురా. నా లెక్కలో ఇదీ అదే యా. పీనట్స్ పాటని ఒక పొడుగాటి హైకూగా వినండి.

పేరాక్ తెలుగోడు:
ఇది మరీ దూరం సార్.

పాత రేడియో:
దూరమే, కానీ దారిలో మన కవి ఇస్మాయిల్ ఇల్లు తగిలింది కాబట్టి నేను ఆగుతాను. బషో కప్పని తెలుగులోకి తెచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, దాదాపు అందరూ ఆ "యా" దగ్గర ఒక గీత గీసి ఊరుకున్నారు. ఇస్మాయిల్ తన హైకూల పుస్తకానికి "కప్పల నిశ్శబ్దం" అని పేరు పెట్టాడు. బషో కప్ప చప్పుడు చేసింది, ఈయన కప్పలు నోరు మూసుకున్నాయి. అనువాదం చేసినవాళ్ళకంటే ఆ యా ఆయనకే బాగా పట్టుబడిందని నా నమ్మకం.

నిఘంటుమిత్ర:
కాకినాడ పీఆర్ కాలేజీలో ఆయన తత్వశాస్త్రం క్లాసులో కూర్చున్నవాణ్ణి, కాబట్టి కొంచెం అధికారం తీసుకుంటున్నాను. ఇస్మాయిల్ హైకూకి జపనీస్ వ్యాకరణం అక్కర్లేదు. "చెట్టు నా ఆదర్శం" అన్న ఆయనకి యా లేదు, చెట్టుంది.

పాత రేడియో:
క్లాసులో కూర్చున్నవాళ్ళు కాకినాడలో వీధికి పదిమంది ఉన్నారు లెండి. పుస్తకం చదివినవాళ్ళు ఎంతమందో.

గోదారి గట్టు:
అయ్యా, మోత్రా...

ఒసాకాలో ఒకర్తి:
మోత్రా అంటే గుర్తొచ్చింది. 1964లో గాడ్జిల్లాతో కొట్లాట సినిమా వచ్చింది కదా, దానికి ఇఫుకుబె అకిరా సంగీతం. అందులో పీనట్స్ పాడిన "మహరా మొసురా" సంగతేమిటి? నేను చాలాకాలం "మహారాజ" అనుకున్నాను.

పేరాక్ తెలుగోడు:
దాంట్లో మాటలు తగాలోగ్, ఫిలిప్పీన్స్ వాళ్ళవి. "మహల్" అనే మాట అలా "మహరా" అయిందంటారు. మహల్ అంటే ప్రియమైన అని. మలయ్‌లోనూ మహల్ ఉంది, కానీ మాకు ఖరీదైనది అనే అర్థమే. మాకు అది "ఖరీదైన చిమ్మట".

ఛందోబద్ధుడు:
ఆగండాగండి. ప్రియమైన, ఖరీదైన, రెండూ ఒకే మాటా? మనకీ అంతే కదా! "ప్రియమైన అన్నయ్యకు" అని ఉత్తరం మొదలుపెట్టి, అదే ఉత్తరంలో "ఇక్కడ బియ్యం ప్రియమైపోయాయి" అని రాసేవాళ్ళం.

పేరాక్ తెలుగోడు:
అవునవును, తగాలోగ్‌లో రెండర్థాలూ ఉన్నాయి. మా పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ ప్రేమగా అన్నా, బజార్లో విసుక్కున్నా "మహల్" అనే అంటుంది.

నిఘంటుమిత్ర:
ప్రియం అంటే వెల ఎక్కువ అన్న అర్థం కోస్తాలోనే ఎక్కువ అనుకుంటా. తెలంగాణ మిత్రులు ఎవరైనా?

మానేరు వాగు:
మా దిక్కు పిరం అంటరు. "బియ్యం మస్తు పిరమైనయి." ఉత్తరంల ప్రియం, బజార్ల పిరం, రెండు మాటలు మాకు.

ఛందోబద్ధుడు:
చూశారా, మళ్ళీ సంయుక్తం విరిగింది! ప్రియం, పిరం. మధ్యలో అచ్చు. మోత్, మొసు. మానేరు వారికి జపాన్ వీసా ఇప్పించాలి.

ఒసాకాలో ఒకర్తి:
నిఘంటుగారూ, పాటని హైకూ అన్నారు కదా, హైకూ పాదాలు అయిదు, ఏడు, అయిదు. లెక్కపెట్టి చూశాను. "మొసురాయా మొసురా" ఏడు. అయిదు కాదు.

నిఘంటుమిత్ర:
నడిమి పాదం ఏడేనమ్మా. అయినా హైకూ అంటే నేనన్నది తీరు గురించి.

ఛందోబద్ధుడు:
ఏడు అక్షరాలా, ఏడు మాత్రలా? మనం లెక్కేస్తే పది మాత్రలు.

ఒసాకాలో ఒకర్తి:
జపనీస్‌లో అక్షరాలూ కాదు, మన మాత్రలూ కాదు. దీర్ఘం రెండు, విడిగా నిలిచిన "న్" కూడా ఒకటి. "దుంగన్"లో మీరు రెండు అక్షరాలు చూస్తారు, వాళ్ళు నాలుగు.

ఛందోబద్ధుడు:
మేమూ పొల్లుని ఊరికే వదలం, ముందున్న అక్షరాన్ని గురువు చేస్తాం. రెండు గురువులు, నాలుగు మాత్రలు. మీ నాలుగూ మా నాలుగూ ఒకటేగా, ఇక తేడా ఏముంది?

ఒసాకాలో ఒకర్తి:
పాటలో ఉంది తేడా. వాళ్ళు ఆ "న్"కి విడిగా ఒక స్వరం ఇస్తారు. మీరు దానికి ఇవ్వరు, ముందున్న అక్షరం మీదే లాగిస్తారు.

ఛందోబద్ధుడు:
మేం ఇవ్వం అని ఎవరన్నారు? రేపు ఆదివారం, తీరిగ్గా కూర్చుని అన్నమయ్య రికార్డులు తీస్తాను, అప్పుడు మాట్లాడదాం.