సమ్మర్‌హిల్‌లో క్లాసుకి ఎగ్గొట్టినా ఏమీ అనరట, నిజమేనా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో సమ్మర్‌హిల్ అనే బడిలో క్లాసుకి వెళ్లడం పిల్లల ఇష్టమట. మరి చదువెలా వస్తుందండీ?

జవాబు: నిజమే. 1921లో ఎ.ఎస్. నీల్ అనే స్కాట్లండ్ టీచర్ పెట్టిన బడి. టైమ్‌టేబుల్ ఉంటుంది, టీచర్లూ ఉంటారు, వెళ్లాలా వద్దా అన్నది మాత్రం పిల్లల చేతిలో. అలాగని ఇష్టారాజ్యం కాదు, పడుకునే వేళ దగ్గర్నుంచి చాలా రూల్స్ బడి మీటింగులో ఓటేసి పెట్టుకుంటారు, అక్కడ ఆరేళ్ల పిల్లకీ ఒక ఓటే, టీచర్‌కీ ఒక ఓటే.

జవాబు: 1999 తనిఖీ తర్వాత ఈ పద్ధతి మీద ప్రభుత్వం నోటీసిస్తే, బడివాళ్లు ట్రిబ్యునల్‌కి (ఇలాంటి తగాదాలు తేల్చే కోర్టులాంటిది) వెళ్లారు. 2000లో రాజీ కుదిరింది, పద్ధతి మారలేదు.

జవాబు: సమ్మర్‌హిల్ ఫీజు మనవల్ల కాదు బాబూ! మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు పల్లె బడుల్లో చేసిందే నాకు నచ్చింది. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు, ఎవరి పాఠం కార్డు వాళ్లు తీసుకుని తమ వేగంతో నేర్చుకుంటారు.