టెక్స్టు ఫైలును బైట్ల లెక్కన కోయడం తప్పా?

బ్రాడీపేట, గుంటూరు:
మిర్చి శీతల గిడ్డంగుల లెక్కలు చూస్తాను. పదేళ్ల నిల్వల రిజిస్టరు ఒకే టెక్స్టు ఫైలుగా ఉంది. వరుసకు ఒక లాటు: రైతు పేరు, ఊరు, మిర్చి రకం (తేజ అయితే తేజ, 334 అయితే 334), బస్తాలు. విజయవాడలోని ఆడిటరు గారికి మెయిలులో పంపాలి. ఫైలును కోసే స్ప్లిట్ కమాండుకు ‘-బి 20ఎం’ (బైట్ల లెక్కన, ముక్కకు 20 మెగాబైట్లు) ఇచ్చి ముక్కలు చేసి, అన్నీ కలిపి చూడమని రాశాను. ఆయన కలపకుండా మూడో ముక్కను నేరుగా తెరిచారు. మొదటి వరుసలో ఊరి పేరు సగమే ఉంది. దాని ముందు నల్ల డైమండులో ప్రశ్నార్థకం. ఫైలు పాడైందని మా యజమానికి ఫోను చేశారు. ఒక్క బైటు కూడా పోలేదని నేనంటున్నాను. టెక్స్టును వరుసల లెక్కనే కోయాలని ఆఫీసులో అందరూ అంటున్నారు. మీరేమంటారు?

గవర్నర్‌పేట, విజయవాడ:
తప్పేనండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు. మనం ఒకే అక్షరంగా చదివే ‘క్షే’లో క, పొల్లు, ష, ఏత్వం కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ‘-బి’కి ఇవేవీ పట్టవు. తెలుగు మాట మధ్యలో కోత పడితే, మూడింట రెండు వంతులు అది సంకేతాన్నే చీల్చేస్తుంది. ఇంగ్లీషు ఫైళ్లవారికి ఈ బాధ తెలియదు, వారికి అక్షరానికి ఒకే బైటు. గ్నూ స్ప్లిట్‌లో (లైనక్స్‌లో మామూలుగా ఉండే స్ప్లిట్) ఇంగ్లీషు పెద్దక్షరం ‘-సీ’ ఉంది. అది 20ఎం దాటకుండా, వరుస ముగిసినచోటే కోస్తుంది. వరుస ఒక్కటే 20ఎం మించితే తప్ప దాన్ని విరవదు. మనిషి చదవడానికి పంపేది చదవగలిగేలా ఉండాలి.

మంగళగిరి:
తప్పు కాదు. ముక్కను ఫైలు అనుకోవడమే తప్పు. నేను పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవులో ఇస్తుంటాను. పెన్‌డ్రైవులో ఫైళ్లను అమర్చే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. ‘-బి 4జి’ (4 గిగాబైట్లు) ఇస్తే ముక్క ఆ హద్దుకు సరిగ్గా ఒక్క బైటు ఎక్కువ! ‘4000ఎం’ ఇచ్చాకే కాపీ అయింది. వీడియోలో వరుసలంటూ ఏముంటాయి? బైట్ల లెక్కన కోస్తాం, క్యాట్ కమాండుతో కలుపుతాం, అదే వీడియో తిరిగి వస్తుంది. డిస్కు మీద టెక్స్టు కూడా బైట్లే.
అసలు నష్టం కలిపేచోట జరుగుతుంది. విండోస్‌లో ‘కాపీ /బి’ అనాలి. ‘/బి’ మరిచిపోతే కాపీ కమాండు ముక్కలను టెక్స్టుగా భావించి, 26 విలువ గల బైటు తగలగానే ఆ ముక్క అయిపోయిందనుకుంటుంది. నేను అలా ఒక కుటుంబం వీడియోను దాదాపు పోగొట్టాను. మూలం నా దగ్గర ఉండబట్టి బయటపడ్డాను.

గవర్నర్‌పేట, విజయవాడ:
వీడియో సగం ముక్కను ఎవరూ చదవబోరు. రిజిస్టరును చదువుతారు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

అరండల్‌పేట, గుంటూరు:
వరుసను కూడా అంతగా నమ్మవద్దు. కామాల పట్టికలో చిరునామా కొటేషన్ గుర్తుల మధ్య ఉండి, అందులోనే కొత్త వరుస మొదలైతే, ఇన్ని వరుసలకు ఒక ముక్క అని కోసే ‘-ఎల్’ అయినా ‘-సీ’ అయినా ఆ రైతు వివరాన్ని రెండు ముక్కల్లో పడేస్తుంది. పైగా శీర్షిక వరుస మొదటి ముక్కకే దక్కుతుంది. రిజిస్టరులో సంవత్సరం వారీగా శీర్షికలుంటే సీస్ప్లిట్ కమాండు వాడండి, ఆ శీర్షిక దగ్గరే కోస్తుంది.

మంగళగిరి:
ఫైలును జీజిప్ చేసి (అంటే కుదించి), తర్వాత ‘-బి’తో కోయండి. అప్పుడు ముక్కను తెరిచినా తెలుగు కనబడదు, కాబట్టి తప్పక కలుపుతారు. నా మాట ఇప్పటికీ అదే.

బ్రాడీపేట, గుంటూరు:
రాత్రి పాత ముక్కలన్నీ కలిపి షా256సమ్ (ఫైలులోని బైట్లను బట్టి వచ్చే సరిచూపు సంఖ్య) తీశాను. మూలంతో అచ్చంగా సరిపోయింది. కానీ ఆడిటరు గారికి కమాండులు రావు, ఏ ముక్కకు ఆ ముక్కే తెరిచి చూస్తారు. అందుకే ‘-సీ 19ఎం’తో మళ్లీ కోసి, శీర్షిక వరుసను ప్రతి ముక్కకూ అతికించి పంపాను. మా చిరునామాల్లో ఊరి పేరు ఒక్కటే ఉంటుంది కాబట్టి అరండల్‌పేట వారు చెప్పిన చిక్కు రాలేదు. ఆడిటరు గారు ముక్కల వారీగా బస్తాలు కూడారు, మొత్తం సరిపోయింది. అయితే శీర్షికలు చేర్చాను కాబట్టి ఈ ముక్కలను కలిపితే పాత ఫైలు రాదు, సమ్ సరిపోదు. ఆ సంగతి మెయిలులో రాసి, బైట్ల లెక్కన కోసిన పాత ముక్కలను మా దగ్గర అలాగే ఉంచాను.