‘చేసి’ అన్న మాటలో మిడిల్‌వేర్

ప్రశ్న: ప్రోగ్రామింగ్ అప్పుడే మొదలుపెట్టిన వారి కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘ఫంక్షన్ కాంపొజిషన్’కు (ఒక ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని మరొకదానికి అందించడం), ‘మిడిల్‌వేర్’కు (సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనకు, పంపే జవాబుకు మధ్య వరుసగా నడిచే ఫంక్షన్) ఏ మాటలు వాడమంటారు?

జవాబు: మొదటిదానికి కొత్త మాట వెతకనక్కరలేదు, ఇంటర్మీడియట్ గణితంలో ‘సంయుక్త ప్రమేయం’ ఉండనే ఉంది. రెండోది 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సమావేశపు నివేదికలోనే కనిపించే మాట. దాన్ని ‘మధ్యస్థం’ అంటే ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది గానీ ఏం చేస్తుందో తెలియదు కనుక, మిడిల్‌వేర్‌గానే ఉంచి, వివరణను మన క్త్వార్థకంతో, అంటే ‘చేసి’, ‘చూసి’ లాంటి ముందు జరిగే పనిని చెప్పే రూపంతో, మొదలుపెట్టడం మేలు.

వడ్లు ఉడకబెట్టి, ఆరబోసి, దంచితే ఉప్పుడు బియ్యం వస్తాయి. దంచి, ఆ బియ్యాన్ని ఉడకబెడితే అన్నమవుతుంది. అలాగే 5ను మూడింతలు చేసి 2 కలిపితే 17, ముందే 2 కలిపి మూడింతలు చేస్తే 21. గణిత సంకేతంలో ముందు చేసే ప్రమేయాన్ని కుడివైపు రాస్తారు కాబట్టి విద్యార్థులు తడబడతారు. తెలుగు వాక్యమైతే పని జరిగే వరుసలోనే నడుస్తుంది.

ఇక ఎక్స్‌ప్రెస్‌తో (జావాస్క్రిప్ట్‌లో సర్వర్లు రాసే ఫ్రేమ్‌వర్క్) రాసిన సర్వర్‌ను చూడండి: వచ్చిన అభ్యర్థనను లాగ్‌లో రాసి, టోకెన్ (అడిగినవారెవరో తెలిపే గుర్తు) సరిచూసి, జేసన్ (డేటాను రాసి పంపే ఒక పద్ధతి) విప్పి, జవాబు పంపుతుంది. ‘రాసి’, ‘చూసి’, ‘విప్పి’ వాక్యాన్ని ముగించని అసమాపక క్రియలు. ఒక్కొక్కటి ఒక మిడిల్‌వేర్. ‘నెక్స్ట్’ను (తరువాతి మిడిల్‌వేర్‌ను నడిపే ఫంక్షన్) పిలవడమంటే ఆ చివరి ఇకారంతో వాక్యాన్ని తరువాతి క్రియకు అప్పగించడమే. టోకెన్ లేదని 401 (గుర్తింపు కావాలనే జవాబు సంకేతం) పంపేసిన మిడిల్‌వేర్ అక్కడికక్కడే వాక్యాన్ని ముగించే సమాపక క్రియ అయిపోతుంది. నెక్స్ట్‌ను పిలవకుండా, జవాబూ పంపకుండా ఊరుకుంటే, ‘టోకెన్ చూసి…’ అని ఆగిపోయిన వాక్యం ముందు కూర్చున్న శ్రోతలాగా బ్రౌజర్ ఎదురుచూస్తూ ఉంటుంది. నా మొదటి సర్వర్‌లో ఈ తప్పే చేసి, ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉందనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

మరొక సభ్యుడు: పోలిక బాగుందండీ. అయితే ‘కోవా’లో (ఎక్స్‌ప్రెస్ లాంటిదే మరో ఫ్రేమ్‌వర్క్) నెక్స్ట్ తరువాత రాసిన భాగం, లోపలి పనంతా ముగిశాక వెనుక వరుసలో నడుస్తుంది. క్త్వార్థకం వెనక్కి రాదు కదా?

జవాబు: రాదు, అక్కడ వ్యాకరణం చాలదని ఒప్పుకోవలసిందే. ఆ పాఠానికి గుడి వాకిలి పనికొస్తుంది: అన్నిటికంటే ముందు విడిచిన చెప్పులను అన్నిటికంటే చివర తొడుక్కుంటాం. ఎంతసేపు పట్టిందో కొలిచే మిడిల్‌వేర్‌ను వరుసలో మొదట పెట్టేది అందుకే. వెళ్ళేటప్పుడు గడియారం చూసుకున్నది, అందరూ బయటికి వచ్చాకే మళ్ళీ చూస్తుంది.