గెల్తుమనంగరాదు... ఆ 'రా' ఎవరిది?

మూలాపేట నుంచి: క్షిపణి రక్షణ కవచాల మీద ఏదో చదువుతుంటే తిక్కన విరాటపర్వంలో భీష్ముడు దుర్యోధనుడితో అనే పద్యం నోటికొచ్చి సగంలో ఆగింది. "వచ్చినవాడు ఫల్గుణు డవశ్యము గెల్తు మనంగరాదురా", ఆ తర్వాత "లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే". 1972లో అమెరికా నిక్సన్, సోవియట్ బ్రెజ్నెవ్ ఏబీఎం ఒప్పందం (వచ్చే క్షిపణుల్ని అడ్డుకునే క్షిపణులకి హద్దు పెట్టేది) రాసుకున్నదీ ఈ లెక్కతోనే. డాలు మందమైతే అవతలివాడు బాణాలు పెంచుతాడు. అందుకే చెరి రెండు చోట్ల, చోటుకి నూరు అడ్డుకునే క్షిపణులే అన్నారు. 1974లో ఒక్క చోటుకి కుదించారు. ఇంతకీ ఆ 'రా' ఎవర్ని పిలిచినట్టు?

కావలి మాస్టారు: పిలుపేంది అబ్బయా! రాలచ్చి, అంటే రాజ్యలక్ష్మి. రాకొమరుడులో ఉన్న రా. పాదం అక్కడ విరిగింది, అంతే. ముందు 'ఫల్గుణు'లో ఆ ణ తీసెయ్, న పెట్టు. "ఫాల్గునే గగనే ఫేనే ణత్వమిచ్ఛంతి బర్బరాః" వినలేదా?

కందుకూరు: ఆ బర్బరులం మేమే సార్, చిన్నప్పట్నుంచీ ణ తోనే చదివాం. 'రా' విడదీసి "లచ్చికినై" అనుకున్నా అర్థం చెడదు, యతీ చెడదు. తాత మనవణ్ణి ఒరే అనకూడదా?

కావలి మాస్టారు: సైన్యం నడుమ, కురురాజునా? తిక్కన ఔచిత్యం తెలిసినవాళ్లు అనే మాటేనా అది?

పొదిలి: ఒప్పందాల మాటొచ్చింది కాబట్టి, మన నెల్లూరు రాజు మనుమసిద్ధికీ, పశువులమంద నాయకుడు కాటమరాజుకీ పుల్లరి, అంటే మేత పన్ను దగ్గరే కదా చెడింది. మేతకి కోడెదూడలు ఇస్తామన్న మాట నిలవలా, మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఆ యుద్ధంలోనే పోయాడు. అసలు ఆయన మీదే ఒక చర్చ పెట్టాలి. అటు చూస్తే 2002 జూన్‌లో అమెరికా ఏబీఎం వదిలేసిన మర్నాడే రష్యా అణ్వాయుధాలు తగ్గించుకునే స్టార్ట్-2 ఒప్పందానికి మేం కట్టుబడం అనేసింది.

మూలాపేట నుంచి: అదే నేనంటున్నా. రెండు బలాలూ గెలవడం కుదరదని ఒప్పుకున్నప్పుడే కాగితం నిలిచేది. అవశ్యం గెలుస్తాం అనుకున్నవాడికి దాంతో పనేముంది?

కందుకూరు: బానే ఉంది, 'రా' సంగతి తేల్చండి. మా గుడ్లూరు ఎర్రన చేతిలో పడుంటే ఇంత తికమక ఉండేది కాదు.

కావలి మాస్టారు: ఎర్రన దాకా ఎందుకు, మీ దగ్గరున్న ప్రతిలో ఆ పేజీ ఫోటో పెట్టు. రెండో పాదం ఎట్టా అచ్చేశారో చూసి మాట్లాడదాం. ణ కూడా కనపడుద్ది.