ఆర్పీఎమ్మా, పీవీఏనా? స్టైరిన్ గోళీల సైజు ఎవరి చేతిల ఉంటది

హన్మకొండ_పీజీ: అన్నలు, జర చెప్పుండ్రి. నీళ్లల్ల స్టైరిన్‌ను చుక్కలు చుక్కలుగ కలుపుకుంట, అవి గట్టిపడితె వచ్చే పాలిమర్ (ప్లాస్టిక్) గోళీలు చేస్తున్న. లీటర్ రియాక్టర్ల స్టైరిన్, కొంచెం డీవీబీ (పాలిమర్ గొలుసులను ముడేసే డైవినైల్ బెంజీన్), బెంజాయిల్ పెరాక్సైడ్ (రియాక్షన్ షురూ చేసేది), నీళ్లల్ల అర శాతం పీవీఏ (చుక్కలు అతుక్కోకుంట చూసే పాలివినైల్ ఆల్కహాల్), 80 డిగ్రీలు, 400 ఆర్పీఎం (కలిపే పంకా నిమిషానికి తిరిగే చుట్లు). నాకు 300 మైక్రాన్ల గోళీలు కావాలె. వచ్చేది సగం సగ్గుబియ్యం లెక్క, సగం పిండి లెక్క. స్పీడు మార్చాల్నా పీవీఏ మార్చాల్నా?

వెబర్_నంబర్: స్పీడే. చుక్కను చీల్చేది కలిపే బలం, చీలకుంట పట్టేది నూనెకు నీళ్లకు నడుమ తలతన్యత, ఈ రెండిటి నిష్పత్తే వెబర్ నంబర్. పల్చటి సస్పెన్షన్‌ల సగటు సైజు దాని మీద మైనస్ 0.6 ఘాతంతోని నడుస్తది, అంటే ఆర్పీఎం మీద మైనస్ 1.2. 400 నుంచి 300 కు దించితె సైజు 1.4 రెట్లు పెరుగుతది. అయిపాయె, ఇంకేం చర్చ.

షిఫ్ట్_బీ: అయిపాయె అంటే ఎట్లయితది అన్నా. నా కత ఇను. నైట్ షిఫ్టుల 88 శాతం హైడ్రాలసిస్ (అది పీవీఏ గ్రేడు) పీవీఏ బదులు స్టోర్స్‌లకెల్లి 98 ది వచ్చింది, సంచి చూస్తె ఒక్క తీరుగనే ఉంటది. ఆర్పీఎం నేను ఒక్కటంటే ఒక్కటి మార్చలే. రెండు గంటలకు మోటర్ సప్పుడు మారింది, ఆంప్ మీటర్ ముల్లు ఎక్కుడు షురూ అయింది, చూసేసరికి షాఫ్ట్ చుట్టు బండ లెక్క గట్టిపడ్డది. మూడు దినాలు ఉలి, సుత్తె వట్టుకోని కొట్టినం. పొద్దుగాల మీటింగుల మొదటి ప్రశ్న ఏంది? "స్పీడు ఎవడు మార్చిండు?" ఇంక్రిమెంటు వోయింది నాది.

కాజీపేట_లోకో: బ్యాఫిల్స్ (లోపల గోడకు నిలువు పట్టీలు) ఉన్నయా తమ్మీ రియాక్టర్ల? లేకపోతె సుడి తిరుగుడే, కలుసుడు ఉండదు.

వెబర్_నంబర్: @షిఫ్ట్_బీ నీ బాధ అర్థమైతది కానీ నువ్వు నా మాటనే రుజువు చేసినవ్. గ్రేడు మారితె తలతన్యత మారుతది, అది నా ఫార్ములల్నే ఉన్నది.

షిఫ్ట్_బీ: నీ ఫార్ముల చీలుడు చెప్తది, అతుకుడు చెప్తదా? చుక్కలల్ల పాలిమర్ ముప్పై శాతం దాటినంక బంక లెక్క అయితయ్, తాకినయ్ తాకినట్టె అతుక్కుంటయ్, అవి గట్టిగయ్యేదాక కాపాడేది పైన ఉన్న పీవీఏ పొర. ఇంకోటి, స్టైరిన్ సాంద్రత 0.9, పాలిస్టైరిన్‌ది 1.05. సురువుల మీదికి తేలేది ఆఖరుకు అడుగుకు దిగుతది. నువ్వు అన్నట్టు స్పీడు తగ్గిస్తె నడుమ్మల ఏమైతదో ఆ పిల్లగానికి చెప్పినవా?

వెబర్_నంబర్: నేను సగటు సైజు గురించి మాట్లాడుతున్న. ఇరవై ఏండ్లు గేజీలు చూసినోళ్లందరు కైనెటిక్స్ (రియాక్షన్ వేగం సంగతి) చెప్పుడు మొదలువెడితె మేం చదివింది దండుగనే.

షిఫ్ట్_బీ: చదివినోళ్లే పంపిండ్రు మాకు 400 ఆర్పీఎం షీటు. ల్యాబుల పంకా 5 సెంటీమీటర్లు, మా దగ్గర 50. గదే స్పీడు పెట్టమన్నరు. పెట్టకపోతె "ఇన్‌స్ట్రక్షన్ పాటించలే" అని మెమో.

వెబర్_నంబర్: అది తప్పే, ఒప్పుకుంట. స్పీడు ఘనం ఇంటూ పంకా వ్యాసం వర్గం సమానంగ ఉంచాలె, అట్లయితె 50 సెంటీమీటర్లకు 86 దగ్గర వస్తది. అంటే మళ్ల లెక్కనే కదా కావాలె?

మానుకోట_మిర్చి: ఇద్దరు జర చల్లవడుండ్రి 😀

కాజీపేట_లోకో: తమ్మీ, వడవోసినంక నీళ్లు పాల లెక్క ఉన్నయా?

షిఫ్ట్_బీ: లెక్క వద్దని ఎవలన్నరు. నీకు కావాల్సింది సగటు, పేపర్ల ఒక్క సంఖ్య రాసుకుంటవ్, మిగిలింది జల్లెడ వట్టి పారవోస్తవ్. మాకు జల్లెడ మీదిది, కిందిది రెండు నష్టమే, 300 సగటు వచ్చినా సగం వంద, సగం ఐదు వందలు ఉంటె ఎవడు కొంటడు? నాకు కావాల్సింది అన్ని ఒక్క తీరుగ ఉండుడు. మనం ఇద్దరం గంట సేపటి నుంచి వేరే వేరే ప్రశ్నలకు జవాబు చెప్తున్నం.

వెబర్_నంబర్: …ఇది ముందే అంటె అయిపోవు. సైజు తేడా తగ్గాల్నంటే ఒట్టి ఆర్పీఎం తోని కాదు, నిజమే. పంకా దగ్గర బలం వేరు, గోడ దగ్గర వేరు, చుక్కలు ఒక్క తీరుగ ఎట్లయితయ్. కానీ ఇంక్రిమెంటు సంగతి నా మీద రుద్దకు.

షిఫ్ట్_బీ: నీ మీద కాదు అన్నా. స్పీడు అనే మాట ఇంటేనే అయాల్టి మీటింగు యాదికొస్తది.

హన్మకొండ_పీజీ: @కాజీపేట_లోకో అన్నా, బ్యాఫిల్స్ నాలుగు ఉన్నయ్. నీళ్లు పాల లెక్కనే ఉన్నయ్, ఎన్నిసార్లు కడిగినా.

కాజీపేట_లోకో: గట్లయితె నీ పిండిల కొంత చుక్క చీలి వచ్చింది కాదు, నీళ్లల్లనే పాలిమర్ పుడుతున్నది. స్పీడు తగ్గించినా అది పోదు. జర సోడియం నైట్రైట్ నీళ్లల్ల కలుపు, స్టైరిన్ పోయకముందే, నీళ్లల్ల పాలిమర్ పుట్టుడును అది ఆపుతది. మిగిలిన పిండి సంగతి అప్పుడు చూద్దాం, స్పీడు, పీవీఏ రెండు ముట్టకు.

హన్మకొండ_పీజీ: నైట్రైట్ ల్యాబుల ఉన్నది. సోమవారం ఏస్త.